చాబీవాలా ఇంటి బిందె

మా తలుపు వెనక గోడకి ఆనించి ఒక ఇనప చాబీ ఉంటుంది. మొన్న శనివారం నుంచి దానికి బంగారు రంగు కాగితపు నక్షత్రం ఒకటి అంటుకుని ఉంది. అంటించింది మా తమ్ముడు సింహాచలం మనవరాలు తనూ. చాబీ అంటే జేబులో వేసుకునే తాళంచెవి అనుకునేరు. నా భుజం దాకా వచ్చే ఇనప ఊచ అది. పైన రెండు చేతులతో పట్టుకుని తిప్పడానికి అడ్డకమ్మీ, కింద నలుచదరపు గుంట. కలకత్తా వీధుల కింద పోయే నీళ్ళ గొట్టాలకి అక్కడక్కడ కవాటాలుంటాయి. రోడ్డు మీది ఇనప మూత ఎత్తి, ఈ ఊచని లోపలికి దించి ఇటు తిప్పితే వీధి కొళాయిలకి నీళ్ళొస్తాయి, అటు తిప్పితే ఆగిపోతాయి. రోజుకి మూడుసార్లు, వేళ తప్పకుండా ఆ పని చేసేవాణ్ణి చాబీవాలా అనేవారు. మా అయ్య చాబీవాలా. మా శ్రీకాకుళం వైపు నాన్నని అయ్య అంటాం, అక్కని అప్ప అంటాం. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా ఆ రెండు మాటలూ మా ఇంట్లో మారలేదు.

నక్షత్రం సంగతి చెప్పాలి. తనూ వాళ్ళ బళ్ళో మీ ఇంట్లో ఉన్న ఒక మంచి అలవాటు గురించి రాసుకురమ్మన్నారట. ఆ పిల్ల తాతని అడిగింది. తాత ఉత్సాహంగా చెప్పాడు. పిల్ల ఇంగ్లీషులో రాసుకుని వెళ్ళి అందరి ముందూ చదివింది. టీచరు నక్షత్రమిచ్చింది. పిల్ల దాన్ని నోటుపుస్తకానికి కాక, తెచ్చి ముత్తాత చాబీకి అంటించింది. రాసింది నాకు తెలుగులో చెప్పింది కూడా. "మా ముత్తాత ఊరందరికీ నీళ్ళు వదిలేవాడు. కానీ ఆయన బిందె అందరికన్నా చివర ఉండేది. మా తాతయ్య ఆసుపత్రిలో ఎవర్నీ తోసుకుని వెళ్ళలేదు. ఆయాసంగా ఉన్నా తన వంతు వచ్చేదాకా కూర్చున్నాడు. వంతు వచ్చింది. డాక్టరు చూశాడు. ఇప్పుడు తాతయ్య బాగున్నాడు. మంచి అలవాటు మనిషిని కాపాడుతుంది." ఇదీ వ్యాసం. అందులో ఒక వాక్యం అబద్ధం. అది ఆ పిల్ల ఆడిన అబద్ధం కాదు, వాళ్ళ తాత ఆడిందీ కాదు. నేను ఆడింది.

మేము పెరిగింది మున్సిపాలిటీ కూలీల ఇళ్ళ లైనులో. ఇంటికి ఒకే గది, ముందు చిన్న వసారా. లైనులో సగం మంది మా వైపు వాళ్ళే. వీధులు ఊడ్చేవాళ్ళు, మురుగు కాలవలు తీసేవాళ్ళు, నీళ్ళ గొట్టాల వాళ్ళు. మిగతా సగం బీహారు వాళ్ళు, మూడు నాలుగు బెంగాలీ ఇళ్ళు. తెల్లారకముందే అమ్మ వసారాలో బొగ్గుల కుంపటి రాజేసేది. ఆ పొగ వాసనలోనే మాకు మెలకువ వచ్చేది. అయ్య లేచి, ఆవనూనె అరచేతిలో వేసుకుని కుడి భుజానికి రాసుకునేవాడు. చాబీ మోసి మోసి అక్కడ చర్మం కాయ కాసి నల్లగా ఉండేది. తర్వాత నిలబడే చోడి అంబలి తాగేవాడు, మధ్యమధ్య పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ. ఆ చోళ్ళు, అంటే రాగులు, మా ఊరి నుంచి ఎవరో ఒకరు రైల్లో హౌరా దాకా మోసుకొచ్చి ఇచ్చేవారు. అంబలి గ్లాసు తనే కడిగి బోర్లించి, చాబీ భుజాన వేసుకుని వెళ్ళేవాడు. కాసేపటికి రెండు సందుల అవతల ఇనప మూత లేచిన చప్పుడు ఠంగుమని వినపడేది. దానికి లైనంతా లేచి బిందెలు అందుకునేది.

మా అయ్యకి చదువు లేదు. నీతులు చెప్పడం కూడా చేతకాదు. ఆయనకి ఉన్నవన్నీ అలవాట్లే, అవే మాకు పట్టించాడు. వాకిలి ఊడిస్తే మన గడప దగ్గర ఆపకూడదు, పక్కింటి వాకిట్లోకి రెండు జానలు పోవాలి. చెంబులో తాగేటన్ని నీళ్ళే వంచుకోవాలి, మిగిల్చి పారబొయ్యకూడదు. ఎవరి కొళాయి కారుతున్నా ఆగి కట్టి వెళ్ళాలి. చాబీని దాటకూడదు, సాయంత్రం నూనెగుడ్డతో తుడిచి తలుపు వెనకే పెట్టాలి. విశ్వకర్మ పూజ నాడు దానికి బొట్టు పెట్టి, బెల్లం ముక్క నైవేద్యం పెట్టేవాళ్ళం. అన్నిటికన్నా పెద్ద నియమం బిందెది. కొళాయి దగ్గర మా బిందె ఎప్పుడూ చివర ఉండాలి. ఆలస్యంగా వెళ్ళడం వల్ల కాదు, ముందు వెళ్ళినా సరే, మా తర్వాత వచ్చినవాళ్ళని ముందుకి పంపి మేం చివరికి జరగాలి. ఎందుకయ్యా అని నేనొకసారి అడిగాను.

"ఒలే గుంటా, చాబీ నా బుజం మీదున్నాది. ఊరోల దాహం నా సేతిలో ఉన్నాది. మన బిందె ముందుంటే, నాను మన కోసరమే తిప్పినట్టుంతాది. అలా ఉండకూడదు" అన్నాడు.

కొళాయి ఉన్న చోటుని అక్కడ కొల్‌తలా అనేవారు. అక్కడ మనుషులకి బదులు ఇటుకలు వరసలో నిలబడేవి. పనికి పోయేవాళ్ళు పొద్దున్నే వచ్చి ఒక ఇటుకో, చిల్లుపడ్డ బాల్చీయో పెట్టి వెళ్ళిపోయేవారు. నీళ్ళొచ్చే వేళకి వచ్చి, ఇటుక తీసి బిందె పెట్టుకునేవారు. ఇటుకంటే మనిషి కిందే లెక్క, ఎవరూ కదపరు. మా ఇంటికి ఆ సదుపాయం కూడా లేదు. "ఇటుకకి దాహముంతాదేటి? దాహమున్నోడే నిలబడాల" అనేవాడు అయ్య. అందుకని బడి నుంచి రాగానే నేనూ, తమ్ముడూ వెళ్ళి నిలబడేవాళ్ళం, అందరికన్నా వెనక. లైనులో నన్ను చూసి, చాబీవాలా కూతురు చూడు ఎంత బుద్ధిగా నిలబడిందో అనేవారు. అనడమే కాదు, బెంగాలీ అమ్మలు వాళ్ళ పిల్లల్ని నన్ను చూపించి తిట్టేవారు. నాకది బాగా ఎక్కింది. పొగిడితే పొంగిపోయే బుద్ధి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది, ఇప్పుడు దాస్తే దాగుతుందా.

ఒక వైశాఖమాసం అమ్మకి టైఫాయిడ్ వచ్చింది. పన్నెండు రోజులు మంచం దిగలేదు. ఆ ఎండల్లో కొళాయికి నీళ్ళు సన్నగా వచ్చేవి, బిందె నిండడానికి ఇదివరకటికి రెట్టింపు సేపు పట్టేది. మా వంతు రాకుండానే వేళ అయిపోయేది. నాకప్పుడు పన్నెండేళ్ళు, సింహాచలానికి ఏడు. ఆ రోజు బడి నుంచి వచ్చి కొల్‌తలాకి వెళ్ళేసరికి వరసలో మూడో చోట ఒక ఇటుక ఉంది. దాని మీద సుద్దముక్కతో గీసిన బిందె బొమ్మ ఉంది. ఆ సుద్దముక్క నా సంచిలోది.

"ఇదెవరిదిరా?" అన్నాను.

"మనదే అప్పా. అమ్మకి దాహమేత్తన్నాది. పొద్దుటే పెట్టేసినాను" అన్నాడు తమ్ముడు. వాడి మొహంలో తప్పు చేసినట్టే లేదు. మంచి పని చేశానని నాకు చూపించుకుంటున్నాడు.

చెంప మీద కొట్టాను. అందరూ చూస్తుండగా కొట్టాను. ఇటుక తీసి కాలవలో పారేశాను. వాణ్ణి చెయ్యి పట్టి లాక్కెళ్ళి, ఇరవై బిందెల వెనక, చివర నిలబెట్టాను. మా పక్కింటి పైడితల్లి పిన్ని వరస ముందు నుంచి కేకేసింది. "ఓలమ్మో, ఏటే ఆ కోపం? ఎర్రి గుంటడు, తల్లికోసం పెట్టుకున్నాడు. ఉండనీ."

"మా అయ్య ఒప్పుకోడు పిన్నీ" అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న గర్వం నాకిప్పటికీ వినిపిస్తుంది.

నీళ్ళు దారంలా సన్నబడ్డాయి. మా ముందు ఇంకా మూడు బిందెలుండగా ఆగిపోయాయి. రెండు సందుల అవతల మా అయ్య వేళ ప్రకారం చాబీ తిప్పేశాడు. ఇద్దరం ఖాళీ బిందెతో ఇంటికొచ్చాం. అమ్మ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. కుండలో అడుగున ఉన్నవి గుడ్డతో వడకట్టి నోట్లో పోశాను. ఇంకా అడిగింది. ఇంక లేవు. చీకటిపడే వేళకి అయ్య వచ్చాడు. బోర్లించిన బిందె చూశాడు. జరిగింది నేనే చెప్పాను, శభాష్ అంటాడని చెప్పాను. అయ్య నా తల మీద చెయ్యి పెట్టి, "బాగా సేసినావు" అన్నాడు. తమ్ముణ్ణి ఏమీ అనలేదు. చాబీ తలుపు వెనక పెట్టి, బిందె తీసుకుని, దూరంగా ట్రాము రోడ్డు మీదున్న చేతిపంపు దగ్గరికి వెళ్ళాడు. అయ్య గడప దాటాక అమ్మ మంచం మీద నుంచే నన్ను చూసి, "నీ నాయం తాగితే దాహం తీరతాదేటే?" అంది. పన్నెండేళ్ళ పిల్లని, నాకు కోపమొచ్చింది. జ్వరంలో మాట్లాడుతోందిలే అనుకున్నాను.

ఆ రోజు నుంచి సింహాచలం మారిపోయాడు. అయ్య కన్నా గట్టివాడయ్యాడు. ఎక్కడికెళ్ళినా చివర నిలబడడమే. రేషను షాపులో, బస్సు దగ్గర, పెళ్ళి పంక్తిలో కూడా. అయ్య తర్వాత ఆ ఉద్యోగం వాడికే ఇచ్చారు. చాబీ కూడా వాడి భుజానికే వచ్చింది. నేను మా లైను దగ్గరే ఉన్న తెలుగు బళ్ళో టీచరునయ్యాను. పెళ్ళి కాలేదు, బడే లోకం. మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లలకి చెప్పేటప్పుడల్లా మా తమ్ముడి ఇటుక కథ చెప్పేదాన్ని. ఒక్క దెబ్బతో మనిషి బాగుపడ్డాడని చెప్పేదాన్ని. అలా ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకి చెప్పానో. చిన్నప్పుడు వంచేస్తే పెద్దయ్యాక లేవాల్సొచ్చినా లేవలేరని నాకే తెలియదు, వాళ్ళకేం చెబుతాను.

అమ్మ ఆఖరి రోజుల్లో ఒక మాట చెప్పింది. అప్పటికి అయ్య పోయాడు, మేం హౌరా పక్క సంత్రాగాఛిలో ఈ రెండు గదుల ఇంటికి మారాం. అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది. నేను బడి నుంచి వచ్చి, అయ్య నియమాల గురించి పిల్లలకి చెప్పానని ఏదో గొప్పగా అంటున్నాను. అమ్మ చేటలోంచి తల ఎత్తకుండా నవ్వింది.

"మీ అయ్య నియమం మీద బతికినామనుకున్నావేటే? పైడితల్లి ముందల నిలబడి రెండు బిందెలు పట్టీది. ఒకటి దానిది, ఒకటి మనది. మీరు ఆకర్న నిలబడి వొట్టి బిందెతో వొచ్చిన దినాలన్నీ మంచం కింద బిందె నిండే ఉండీది."

"అయ్య అడగలేదా?"

"అడగకేటి. నీల్లొచ్చినాయా అనీవోడు. మన వొంతుకి వొచ్చినాయి అనీదాన్ని. సరే అని తాగీవోడు."

"మరి నీకు జ్వరమొచ్చినప్పుడు?" అన్నాను.

అమ్మ అప్పుడు తల ఎత్తి నా వైపు చూసింది. "నాను పడుకున్నాను కదే. పైడితల్లి బిందె నీ సేతికెలా ఇత్తాది? నువ్వు మీ అయ్యకి సెప్పేత్తావు కదా" అంది. మళ్ళీ రాళ్ళేరడంలో పడింది. ఆ ఎండల్లో మా అమ్మకి నీళ్ళు లేకుండా చేసింది వరస కాదు, వేళా కాదు, నేను. ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో మంచం కింద దాక్కున్న బిందె సంగతి నాకు తెలియనే తెలియదు. తమ్ముడికి తెలుసో లేదో నేను అడగలేదు. అడిగితే వాడి చెంప మళ్ళీ గుర్తొస్తుందని భయం.

ఇప్పుడు మా ఇంట్లో నీళ్ళకి వేళల్లేవు. మోటారు వేస్తే మేడ మీద ట్యాంకు నిండుతుంది, కొళాయి తిప్పితే ఎప్పుడైనా వస్తాయి. తనూ పళ్ళు తోముకుంటూ కొళాయి వదిలేసి బొమ్మలు చూస్తుంది. సింహాచలం కుర్చీలోంచి ఆయాసపడుతూ లేచి వెళ్ళి కట్టి వస్తాడు, పిల్లని ఏమీ అనడు. వాకిలి ఊడవడానికి వాకిలి లేదు, మెట్లున్నాయి. వాడు పై మెట్టు నుంచి పక్క వాటా వాళ్ళ రెండు మెట్లు కూడా ఊడుస్తాడు. కొడుకు బాబ్జీ సాల్ట్ లేక్‌లో ఆఫీసు బస్సు నడుపుతాడు, పొద్దున పోతే రాత్రికి వస్తాడు. తండ్రి మెట్లు ఊడవడం చూస్తే వాడికి నామోషీ. నాకూ ఒక్కోసారి విసుగేస్తుంది. కానీ వాడు ఊడవని రోజున ఆ మెట్లు చూస్తే నాకే ఏదోలా ఉండి చీపురు పట్టుకుంటాను.

కిందటి వర్షాకాలంలో సింహాచలానికి కాళ్ళు వాచాయి. నాలుగడుగులేస్తే ఊపిరందేది కాదు. దగ్గర్లో ఉన్న డాక్టరు చూసి, గుండె బలహీనంగా ఉంది, పెద్దాసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించండి, ఆలస్యం చెయ్యకండి అన్నాడు. ఆ పరీక్షకి అక్కడ వారానికి ఒక్క గురువారమే, అదీ మధ్యాహ్నం దాకానే. బాబ్జీకి సెలవు దొరకదు. ముసలివాళ్ళం ఇద్దరమే లోకల్ రైల్లో హౌరాకి, అక్కడి నుంచి లాంచీలో గంగ దాటి, బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. అక్కడ వరసలో మనుషుల కన్నా ముందు నీళ్ళ సీసాలు, చెప్పులు, కాగితం కట్టిన రాళ్ళు నిలబడి ఉండేవి. కొల్‌తలా నుంచి నడిచొచ్చి ఇక్కడ చేరాయా అనిపించింది. నేనూ ఒక సీసా పెడదామన్నాను.

"ఇటుకకి ఆయాసముంతాదేటప్పా?" అన్నాడు సింహాచలం. అయ్య గొంతే.

మొదటి గురువారం ఒక ముసలామెని ముందుకి పంపాడు. రెండో గురువారం కడుపుతో ఉన్న పిల్లనీ, ఆమె వెనకాల వచ్చిన ఇద్దర్నీ పంపాడు. మూడో గురువారం మా ముందు ఆరుగురుండగా ఫైళ్ళు తీసుకునే కిటికీ మూసేశారు. తిరిగొచ్చేటప్పుడు లాంచీ రేవు మెట్ల మీద కూలబడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. నేను కొంగుతో విసురుతూ, "ఓరి సిమ్మాచెలం, సచ్చిపోతావురా. ఒక్కసారి ముందుకెల్తే ఏటవుతాది?" అన్నాను. వాడు నవ్వడానికి ప్రయత్నించాడు. చెంప మీద అరచెయ్యి పెట్టుకుని, "నువ్వే కదప్పా నేర్పినావు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదది. నిజంగా నా మీద గౌరవంతోనే అన్నాడు. అదే నన్ను కాల్చేసింది. గంగ మీద లాంచీ వచ్చి ఆగింది, జనం దిగారు, ఎక్కారు, అది వెళ్ళిపోయింది. మేం తర్వాతి లాంచీ కూడా ఎక్కలేకపోయాం.

నాలుగో గురువారం వాణ్ణి మెట్ల కింద బల్ల మీద కూర్చోబెట్టి, ఫైలు పట్టుకుని వాడి బదులు నేను వరసలో నిలబడ్డాను. అక్కడి నుంచి వాడికి వరస కనపడదు. నా ముందు ఒకామె, ఏదో పల్లెటూరి నుంచి వచ్చింది. భర్తని నేల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టుకుంది. లోపలికొస్తూ సింహాచలం కూడా వాళ్ళని చూశాడు. వరస ఒక అడుగు కదిలినప్పుడల్లా దుప్పటి అంచు పట్టుకుని అతన్ని ఒక అడుగు లాగుతోంది. నేను కూడా ఒక అంచు పట్టుకుని సాయం చేశాను. అప్పుడు ఆసుపత్రి మనిషొకడు నా ముందు నుంచి వెళుతూ ఆగాడు. నన్ను ఎగాదిగా చూసి, "దిది, మీరు చాబీ కాకు కూతురు కదూ?" అని బెంగాలీలో అడిగాడు. దిది అంటే అక్క, కాకు అంటే బాబాయి. మా లైనులో ఉన్న బెంగాలీ ఇంటి పిల్లవాడు బాపి, ఇప్పుడు జుట్టు నెరిసిపోయింది. వాడి తల్లి మా ముందు ఎన్నోసార్లు నీళ్ళు పట్టుకుంది. తమ్ముడికి బాగాలేదని, మెట్ల కింద కూర్చున్నాడని చెప్పాను. "మీ బిందె చివర ఉండేదని మా అమ్మ పోయేదాకా చెప్పేది. అలాంటి మనిషి కొడుకు ఇక్కడ కూర్చోవడమేమిటి? ఫైలివ్వండి, పక్క తలుపు నుంచి పంపిస్తాను" అన్నాడు.

మా అయ్య చివర నిలబడి సంపాదించిన పేరు నన్ను ముందుకి రమ్మంటోంది. నేను ఒక్క క్షణం ఆగాను. ఆగానని రాసుకోవడం కూడా గొప్పకే అనిపిస్తోంది. దుప్పటి అంచు వదిలేశాను. ఫైలిచ్చాను. మెట్ల కిందికి వెళ్ళి తమ్ముడి భుజం పట్టుకున్నాను. "లెగు. మన వొంతొచ్చింది."

"మన ముందల ఉన్నోలందరూ అయినారా?"

"అయినారు."

"ఆ దుప్పటి మీద పడుకున్నాయన?"

"ముందే సూపించుకుని ఎల్లిపోనాడు" అన్నాను.

సింహాచలం నా మొహం చూడలేదు. చూడాల్సిన అవసరం వాడికి లేదు. అప్ప అబద్ధమాడదు. చేతికర్ర పట్టుకుని లేచాడు. లోపలికి వెళుతూ పక్క తలుపెందుకని అడుగుతాడేమోనని నేను వాడి ముందు నడిచాను. అడగలేదు. అరవై ఏళ్ళు నిజమే చెబుతూ వచ్చినందుకే ఆ అబద్ధం అంత సులువుగా చెల్లింది. పరీక్ష చేశారు, ఆ పూటే మంచం ఇచ్చి చేర్చుకున్నారు. ఇంకో వారం ఆగి ఉంటే చెప్పలేమన్నాడు డాక్టరు.

మందుల కాగితం పట్టుకుని కిందికి వచ్చేసరికి కిటికీ మూసేసి ఉంది. ఆమె దుప్పటి మడత పెట్టుకుంటోంది. భర్త గోడకి ఆనుకుని కూర్చున్నాడు, కళ్ళు మూసుకుని. "మీది అయిందా దిది?" అని అడిగింది. అయిందన్నాను. "మాది వచ్చే గురువారం" అంది. కోపం లేదు, అనుమానం లేదు. నేనేదో వేరే పని మీద వెళ్ళాననుకుంది కాబోలు. ఖాళీ బిందెతో కొల్‌తలా నుంచి ఇంటికి నడిచిన సాయంత్రం నాకు గుర్తొచ్చింది. ఏమైనా చెయ్యాలనిపించింది, ఏం చెయ్యాలో తోచలేదు. నా సీసాలో ఉన్న నీళ్ళు అతనికిమ్మని ఇచ్చి వచ్చేశాను. తర్వాతి గురువారం, ఆ తర్వాతి గురువారం కూడా వెళ్ళి వరస మొదటి నుంచి చివరిదాకా వెతికాను. వాళ్ళు కనపడలేదు. బాపిని అడిగితే, "రోజూ ఎంతమంది వస్తారు దిది, ఎవరని చెప్పను" అన్నాడు. వేరే రోజు చూపించుకున్నారేమో. వేరే ఆసుపత్రికి వెళ్ళారేమో. ఊరికి వెళ్ళిపోయారేమో. నాకు తెలియదు, తెలిసే దారి లేదు.

సింహాచలం మాత్రం కోలుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా ఇదే చెబుతాడు. "మూడు వారాలు ఎనక్కి పోనాను. నాలుగో వారం నా వొంతు దానంతటదే వొచ్చింది. అయ్య మాట ఊరికే పోదు" అంటాడు. అలా చెబుతున్నప్పుడు వాడి కళ్ళలో ఏడేళ్ళప్పటి ఆ వెలుగే, ఇటుక చూపించినప్పటిది. రెండుసార్లు నిజం చెబుదామని నోరు తెరిచాను. ఒకసారి వాడు మాత్ర మింగుతున్నాడు. ఒకసారి మెట్లు ఊడుస్తున్నాడు. చెబితే ఆ పని ఆగిపోతుందనిపించింది. వాడికి నచ్చజెప్పలేను, వాణ్ణి మార్చలేను, వాడు నమ్మిందాన్ని వాడి దగ్గర్నుంచి లాక్కోలేను. అయ్య అడిగినప్పుడల్లా మన వంతుకే వచ్చాయని చెప్పడానికి అమ్మ ఎంత ఓర్చుకుందో ఇప్పుడు తెలుస్తోంది. అమ్మకి నాలాగా రాసుకునే వీలు కూడా లేదు.

మంచి అలవాటు మనిషిని కాపాడుతుందని పిల్ల రాసింది. నేను బళ్ళో చెప్పిందీ అదే. ఏ మనిషిని అని ఎవరూ అడగలేదు. అయ్య నియమం తప్పని అనలేను. ఆ నియమం లేకపోతే లైనులో సగం ఇళ్ళకి నీళ్ళుండేవి కావు. అమ్మ బిందె తప్పని అనలేను, అది లేకపోతే మేం లేం. నేను చేసింది తప్పే. మళ్ళీ ఆ గురువారం వచ్చినా ఫైలిచ్చేస్తాను, అదీ నాకు తెలుసు. ఈ వయసులో నా బుద్ధి నాకే అంతుపట్టకపోతే ఎవర్ని అడగను?

అందుకని రాసుకుంటున్నాను. తెలుగులో రాసుకుంటే భయం లేదనుకున్నాను. సింహాచలం తెలుగు బడి ఒక్క ఏడాదికే ఎగ్గొడితే హిందీ బళ్ళో వేశారు, వాడికి ఈ అక్షరాలు రావు. బాబ్జీకి బెంగాలీ, హిందీ వచ్చు. కోడలూ ఇక్కడే పుట్టింది. మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు నలుగురున్నా, నేను రాసింది చదివేవాళ్ళు ఎవరూ లేరు. లేరనే అనుకున్నాను. కానీ బడి మూతపడినా నా చెయ్యి ఊరుకోదు కదా. రెండేళ్ళుగా సాయంత్రం అయిదింటికి తనూని పక్కన కూర్చోబెట్టుకుని రోజుకి అరగంట అక్షరాలు దిద్దిస్తున్నాను. జ్వరమొచ్చినా మానలేదు, పండగైనా మానలేదు. గుణింతాలు మొన్ననే అయిపోయాయి. ఒక్కోసారి ఇంక చాలనిపిస్తుంది, ఇక్కడితో ఆపేద్దామని. అయిదయ్యేసరికి ఆ పిల్ల పలక పట్టుకుని వచ్చి కూర్చుంటుంది. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుంటాను.

నిన్న నేను టీ పెట్టుకోవడానికి లేచి వచ్చేలోగా తనూ ఈ నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. మొదటి పేజీ తీసి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటోంది. "మా... తలుపు... వెనక... గోడకి..." అంటూ మొదటి వాక్యం చివరిదాకా ఎక్కడా తప్పు లేకుండా చదివింది. చదివి, తనకే నమ్మకం కలగక, పకపకా నవ్వింది. లోపల మంచం మీద నుంచి వాళ్ళ తాత, "సెబాసే నా తల్లి! అంతా సదివి నాకూ ఇనిపించాల" అని కేకేశాడు. పిల్ల రెండో వాక్యం మొదలెట్టి, మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"న కింద ఇంకో బుల్లి న ఉన్నాది. ఇదేటి మామ్మా?"

"అది ఒత్తు. రేపు నేర్పుతాను" అన్నాను.

ఈ రెండేళ్ళలో నేను రేపు నేర్పుతానని ఆ పిల్లకి చెప్పి నేర్పని రోజు ఒక్కటీ లేదు.